రన్‌వే పక్కన వదిలేది ఖాళీ నేల కాదు: అపోహలు - వాస్తవాలు

రన్‌వేలు, వాటి దగ్గరికి విమానాలు నడిచి వెళ్లే దారులైన ట్యాక్సీవేల డ్రాయింగులు గీయడం, ఇతరులు గీసినవి సరిచూడడం నా వృత్తి. నా దగ్గరికొచ్చేవి ఎక్కువగా చిన్న విమానాశ్రయాలే. స్థలం ఇచ్చేవాళ్లూ, నిధులు ఇచ్చేవాళ్లూ, ఒక్కోసారి తోటి ఇంజినీర్లూ ఈ కింది మాటలే మళ్లీ మళ్లీ అంటుంటారు.

అపోహ: విమానాశ్రయం చిన్నది కదా, ప్రమాణాలు కాస్త సడలించుకోవచ్చు.

ప్రయాణికులు ఎంతమంది, రోజుకు ఎన్ని విమానాలు అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో, తన అనెక్స్ 14లో ప్రతి రన్‌వేకీ ఒక అంకె, ఒక అక్షరం కలిపి కోడ్ ఇస్తుంది. రెండూ ఆ రన్‌వే వాడబోయే విమానాన్ని బట్టి వస్తాయి. అంకె ఆ విమానానికి కావాల్సిన రన్‌వే పొడవును, అక్షరం రెక్కల నిడివిని చెబుతాయి. అక్షరాలు ఇలా: 15 మీటర్ల లోపు ఎ, 24 లోపు బి, 36 లోపు సి. చిన్న ప్రొపెల్లర్ విమానం ఏటీఆర్ 72 రెక్కల నిడివి 27 మీటర్లు. రోజుకు అదొక్కటే వచ్చి వెళ్లినా మీది సి. ఎయిర్‌బస్ ఎ320దీ అదే అక్షరం.

అపోహ: ఫలానా విమానానికి 1100 మీటర్లు చాలని కంపెనీ పత్రంలోనే ఉంది.

ఉంది, కానీ ఆ అంకె సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల వేడిలో, గాలి లేనప్పుడు, నేల చదునుగా ఉన్నప్పటిది. ఎత్తు పెరిగినా, ఎండ పెరిగినా గాలి పలచబడుతుంది. రెక్కలు పైకి లేపే శక్తి, ఇంజిన్ బలం రెండూ తగ్గుతాయి. అందుకని ప్రతి 300 మీటర్ల ఎత్తుకు 7 శాతం, ఆ ఎత్తులో ఉండాల్సిన ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే ఎక్కువైన ప్రతి డిగ్రీకి 1 శాతం, వాలు ప్రతి 1 శాతానికి 10 శాతం చొప్పున పొడవు పెంచుతాం.

300 మీటర్ల ఎత్తున్న చోటు, అత్యంత వేడి నెలలో సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 33 డిగ్రీలు, వాలు అర శాతం అనుకోండి. ఎత్తుకు పెంచితే 1100 కాస్తా 1177 అవుతుంది. ఆ ఎత్తులో ప్రామాణికం 13 డిగ్రీలు గనక వేడికి మరో 20 శాతం కలిపితే 1412. వాలుకు 5 శాతం వేస్తే సుమారు 1480. ఇంతా చేసి, ఈ రన్‌వే కోడ్ అంకె 2 మాత్రమే. 1480 మీటర్లు చూసి 3 అనేస్తారు చాలామంది. అంకె నిర్ణయించేది విమానానికి కావాల్సిన ఆ 1100; మనం వేసిన తారు పొడవు కాదు.

అపోహ: రన్‌వే నంబరు ఒకసారి పెడితే శాశ్వతం.

అయస్కాంత ఉత్తరం కదులుతూ ఉంటుంది. నంబరు రన్‌వే సాగే అయస్కాంత దిశ డిగ్రీలను పదులకు సవరించి పెట్టేదే కాబట్టి కొన్నేళ్లకు మార్చాల్సి రావచ్చు.

అపోహ: ట్యాక్సీవే ఎంత వెడల్పుంటే అంత మంచిది.

ప్రధాన చక్రాల బయటి అంచుల మధ్య దూరం 4.5 మీటర్ల లోపైతే తిన్నగా సాగే చోట 7.5 మీటర్లు, 6 లోపైతే 10.5 మీటర్లు చాలు. అదనపు వెడల్పు కావాల్సింది మలుపుల్లో. ముందు చక్రం గీత మీదే నడిచినా వెనక చక్రాలు మలుపు లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ లోపలి మూలను తారుతో నింపకపోతే చక్రం మట్టిలోకి దిగుతుంది. అది వదిలేసి కూడలి దగ్గర విశాలంగా తారు పరిస్తే బోర్డులు పైలట్ కంటికి దూరమవుతాయి, దారి తప్పి రన్‌వే మీదికి వచ్చేస్తారు. విమానాలు నిలిపే చోటైన ఏప్రాన్ నుంచి తిన్నగా రన్‌వేలోకి దారి పెట్టొద్దని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ అంటున్నదీ ఇందుకే. మధ్యలో ఒక మలుపు ఉంటే పైలట్‌కు తానెక్కడున్నాడో తెలుస్తుంది. రన్‌వేలోకి లంబకోణంలో చేరితే రెండు వైపులా చూసే వీలుంటుంది. నాకు ఏ డ్రాయింగ్ వచ్చినా మొదట చూసేది ఇవే.

అపోహ: రన్‌వే పక్కన అంత గడ్డి నేల వృథా.

నాకు ఎక్కువ బాధ కలిగించే మాట ఇది. ఆ నేల పేరు స్ట్రిప్. విమానం అదుపు తప్పి పక్కకు జారితే ముక్కలు కాకుండా ఆగడానికి ఉన్న చోటది. కోడ్ 2 రన్‌వేకు, ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ (పరికరాల ఆధారంతో దిగే ఏర్పాటు) లేకపోతే మధ్య గీత నుంచి ఇరువైపులా 40 మీటర్లు, ఉంటే 70. చివరన 60 మీటర్లు స్ట్రిప్, ఇన్‌స్ట్రుమెంట్ రన్‌వే అయితే దాని తరవాత కనీసం 90 మీటర్ల భద్రతా ప్రాంతం.

నేను చూసిన ఒక చోట ఆ గడ్డిలో కేబుల్ గుంట కట్టారు. దాని కాంక్రీటు పైభాగం నేలతో సమానంగానే ఉంది, పైకి ఏమీ తేలలేదు, అందరికీ సరిగ్గానే కనిపించింది. కానీ వాన పడి మట్టి మెత్తబడ్డాక చక్రం లోతుగా దిగబడి వస్తుంది, మట్టిలో ఉన్న ఆ గుంట నిలువు గోడకు కొట్టుకుంటుంది, ల్యాండింగ్ గేర్ విరుగుతుంది. చుట్టూ తవ్వి, అంచును ఏటవాలుగా 30 సెంటీమీటర్ల లోతు దాకా దించి మళ్లీ మట్టి కప్పాకే ఆ కాగితం మీద సంతకం పెట్టాను.