పెయింట్ బకెట్‌లో ఆవకాయ: టెస్టింగ్ ల్యాబ్ నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

మొన్న ఎండాకాలం తెనాలి నుంచి మా పిన్ని ఆవకాయ పంపింది, పది లీటర్ల పెయింట్ బకెట్‌లో. "శుభ్రంగా కడిగి, రెండు రోజులు ఎండలో పెట్టాకే వేశానే తల్లీ" అంది ఫోన్‌లో. కడిగిందనడంలో నాకేం అనుమానం లేదు. కానీ ప్లాస్టిక్‌లోంచి తిండిలోకి ఎంత దిగుతోందో తూచడమే నా ఉద్యోగం. హైదరాబాద్‌లో ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా చేస్తున్నది అదే. మా లెక్కలో ఆవకాయంటే పులుపు, ఉప్పు, నూనె, పైగా ఏడాది నిల్వ. ఇంత కఠినమైన పరీక్ష మేం కూడా పెట్టం.

పిన్నికి ఫోన్‌లో చెప్పినవీ, బంధువులు, పక్కింటివాళ్లు తరచూ అడిగేవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ‘ఫుడ్ గ్రేడ్’ అని రాసుంటే అందులో ఏం పోసినా ఫర్వాలేదు.

ఆ మాట వెనక జరిగే పరీక్ష ఎలా ఉంటుందో తెలిస్తే ఎంతవరకు నమ్మాలో మీకే అర్థమవుతుంది. డబ్బాలోంచి ఒక ముక్క కోస్తాం. దాన్ని తిండిలో నానబెట్టం, తిండిని పోలిన ద్రవాల్లో నానబెడతాం. నీళ్లలాంటి పదార్థాలకు డిస్టిల్డ్ వాటర్, పులుపుకి 3 శాతం ఎసిటిక్ యాసిడ్ (వెనిగర్‌లో ఉండే ఆమ్లం), మద్యానికి ఆల్కహాల్ కలిపిన నీళ్లు, నూనెకు హెప్టేన్ అనే ద్రావకం. తర్వాత ఆ ద్రవాన్ని ఆవిరి చేసేసి, గిన్నెలో మిగిలినదాన్ని తూస్తాం. ప్లాస్టిక్ నుంచి దిగింది అదే. మన దేశంలో ఈ పద్ధతికి ఐఎస్ 9845 అనే ప్రమాణం ఉంది. అలా దిగేది కిలో ఆహారానికి 60 మిల్లీగ్రాములు దాటకూడదన్నది కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోని హద్దు.

అసలు సంగతి వేడి దగ్గరా, సమయం దగ్గరా ఉంది. మామూలుగా నిల్వ చేసే డబ్బా అయితే 40 డిగ్రీల దగ్గర పది రోజులు ఉంచి చూస్తాం. వేడిగా నింపేదైతే 70 డిగ్రీల దగ్గర రెండు గంటలు. ఏ పరీక్షకు నిలబడిందో ఆ వాడకానికే అది ఫుడ్ గ్రేడ్. మూకుడులోంచి తీసిన పూరీలు, బజ్జీలు ఈ లెక్కలోకి రావు. కాగే నూనె 180 డిగ్రీల దాకా ఉంటుంది. పల్చటి పాలిథిన్ కవరు 110 డిగ్రీల చుట్టుపక్కలే కరిగిపోతుంది.

అందుకే టిఫిన్ సెంటర్‌లో పొగలు కక్కే సాంబారును కవర్లో పోసి ముడి వేస్తుంటే నాకు టెన్షన్. ఇడ్లీ ప్లేట్ల మీద గుడ్డకు బదులు పాలిథిన్ పరిచి ఉడికించడం ఇంకో ఘోరం. కర్ణాటక ప్రభుత్వం 2025లో హోటళ్లలో దాన్ని నిషేధించింది. మన దగ్గర ఎవరూ చెయ్యట్లేదనుకోకండి, ఈసారి వంటగదిలోకి ఒకసారి తొంగి చూడండి. నల్ల కవర్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఏయే పాత ప్లాస్టిక్ కరిగించి చేశారో ఆ నలుపు దాచేస్తుంది.

అపోహ: డబ్బా అడుగున త్రికోణంలో 5 ఉంటే మంచిది, 7 ఉంటే విషం.

ఆ అంకెలు 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ పెట్టుకున్నవి. చెత్త ఏరేటప్పుడు ఏది ఏ రకమో తెలియడానికి మాత్రమే. పిన్ని పంపిన పెయింట్ బకెట్ అడుగునా 5 ఉంది! పాలీప్రొపిలీన్ అని దానర్థం. అందులో కలిపిన రంగేమిటి, ముందు ఏం నింపారు అన్నవి ఆ అంకె చెప్పదు. పెయింట్‌లో బూజు పట్టకుండా మందులు కలుపుతారు. ప్లాస్టిక్ వాటిని కొంత పీల్చుకుంటుంది. సబ్బుతో కడిగితే పైన ఉన్నది పోతుంది, లోపల ఇంకింది పోదు. నూనె తగిలితే అది మెల్లగా బయటికొస్తుంది.

7 అంటే ‘మిగతావన్నీ’ అనే గంప. బీపీఏ అనే రసాయనం ఉండే పాలీకార్బొనేట్ అందులోనే, మొక్కజొన్న పిండితో చేసే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ కూడా అందులోనే.

అపోహ: పేపర్ కప్పులో ప్లాస్టిక్ ఉండదు.

ఉత్త కాగితమైతే టీ పోసిన కాసేపటికే మెత్తబడి చేతిలోకొస్తుంది. లోపల పాలిథిన్ పొర ఉంటుంది కాబట్టే నిలుస్తోంది. కప్పు చింపి వేడినీళ్లలో నానబెడితే ఆ పొర వేరుగా ఊడొస్తుంది, పిల్లలకు చూపించండి. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020లో లెక్కపెట్టారు: 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పావుగంట ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగాయి. తాగితే ఫలానా జబ్బు వస్తుందని తేల్చిన అధ్యయనం కాదది, దాన్ని అంతవరకే తీసుకోవాలి. కానీ కాగితం, ప్లాస్టిక్ అంటుకుపోయిన ఆ కప్పును పాత పేపర్ల వాడు కూడా తీసుకోడు. ఇరానీ హోటల్లో కప్పూసాసరూ వాడి, కడిగి, మళ్లీ వాడే పద్ధతికి ‘గ్రీన్’ అని ఎవరూ పేరు పెట్టలేదు పాపం.

బజ్జీలు చుట్టే న్యూస్‌పేపర్ సంగతి ఒక్క ముక్కలో: పైన చెప్పిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల ప్రకారమే తిండిని అందులో చుట్టకూడదు. వేడి నూనె సిరాను లాగేస్తుంది. అచ్చు మీ బజ్జీ మీద కనిపిస్తే చదవడానికి బాగుంటుందేమో గానీ తినడానికి కాదు.

అపోహ: రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారు.

2017లో హైదరాబాద్‌లో ఈ పుకారు లేచినప్పుడు చుట్టాలందరూ నాకే ఫోన్లు. అన్నం ముద్ద చేసి నేలకేసి కొడితే బంతిలా ఎగురుతోందట. ఎగురుతుంది. అన్నంలో ఉన్న గంజి పదార్థం అలా పట్టి ఉంచుతుంది. బియ్యాన్ని మంట మీద పెడితే మాడి అంటుకుంటుంది కూడా. ఇవేవీ ప్లాస్టిక్ పరీక్షలు కావు. అయినా రేషన్ బియ్యం కంటే ప్లాస్టిక్ గుళికలే ఖరీదు, నష్టానికి కల్తీ చేసే వ్యాపారిని నేనింకా చూడలేదు.

అది తగ్గిందనుకుంటే తర్వాత కొత్త రూపంలో వచ్చింది. పోషకాలు కలిపి ఇచ్చిన రేషన్ బియ్యంలో కొన్ని గింజలు రంగు తేడాగా ఉంటాయి, కొన్నిసార్లు నీళ్లలో తేలతాయి. అవి ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి మిషన్‌లో మళ్లీ బియ్యపు గింజ ఆకారంలో ఒత్తుతారు. సాధారణంగా వంద కిలోలకు ఒక కిలో కలుపుతారు. మా పనిమనిషి రోజూ కూర్చుని వాటిని ఏరి కోళ్లకు వేస్తున్నానని చెప్పింది. రక్తం తక్కువుందని డాక్టర్ ఆమెకు మాత్రలు రాసింది అప్పుడే.

అపోహ: అయస్కాంతం అంటుకుంటే అది నకిలీ స్టీలు.

గిన్నెల కొట్లో అమ్మేవాళ్లే ఈ మాట చెబుతారు. 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. దానికి అయస్కాంతం పెద్దగా అంటుకోదు, నిజమే. కానీ నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చవక 200 సిరీస్ స్టీలుకీ అంటుకోదు! నికెల్ దాదాపు లేని 430 రకానికి మాత్రం గట్టిగా అంటుకుంటుంది, అదీ అసలైన స్టెయిన్‌లెస్ స్టీలే. ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయాలంటే అడుగున అలాంటిదే ఉండాలి. అయస్కాంతం జేబులో పెట్టుకుని తిరిగే మా బాబాయి ఈ సంగతి ఇప్పటికీ ఒప్పుకోడు. గ్రేడు (304, 430 లాంటి అంకె) అచ్చు వేసి ఉందేమో, ఐఎస్‌ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉందేమో చూడండి. ఆ నంబరు, ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే సంస్థదైన బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, ఇంకా నడుస్తోందో లేదో తెలుస్తుంది. పిల్లల బొమ్మలకైతే 2021 జనవరి నుంచి ఈ గుర్తు తప్పనిసరి.

అపోహ: రాగి, ఇత్తడి పాతకాలంవి కాబట్టి ఏం చేసినా ఆరోగ్యమే.

పాతకాలం వాళ్లు వాటికి కళాయి వేయించేవాళ్లు, ఆ సంగతి మర్చిపోయాం. కళాయి అంటే తగరం పూత. అది అరిగిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే రాగి దిగుతుంది. మజ్జిగ, నిమ్మరసం, పులిహోర కూడా అంతే. రాగి చెంబులో మంచినీళ్లు వేరు, రాగి చెంబులో నిమ్మకాయ నీళ్లు వేరు. కళాయి వేయించేటప్పుడు సీసం కలవని తగరమేనా అని అడగండి. ఆ పూత 232 డిగ్రీలకే కరుగుతుంది, కాబట్టి ఖాళీ గిన్నెను పొయ్యి మీద వదిలేయకండి.

అపోహ: గుడ్డ సంచి కొంటే పర్యావరణానికి మేలు.

కొంటే కాదు, వాడితే. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో లెక్కవేసింది. ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచితో పోలిస్తే, వాతావరణం మీద పడే భారంలో కాటన్ సంచి సరితూగాలంటే దాన్ని 131 సార్లు వాడాలి. పత్తి పండించడానికి నీళ్లు, ఎరువులు, తర్వాత మిల్లు ఖర్చు ఉంటాయి కదా. పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టుగా వచ్చిన గుడ్డ సంచులు మా బీరువాలో పదిహేనున్నాయి, ఒక్కటీ బజారుకు వెళ్లలేదు. నాన్న పాత ప్యాంటుతో అమ్మ కుట్టిన సంచి మాత్రం పదేళ్లుగా వెళ్తోంది.

‘నేను ప్లాస్టిక్ కాదు’ అని రాసిన కవర్లదీ ఇదే గొడవ. నిజంగా కంపోస్ట్ అయ్యే రకమైనా, అందుకు తగిన ప్లాంటులో దాదాపు 58 డిగ్రీల వేడి కావాలి. మీ వీధి కాలువలో ఆ వేడి ఉండదు. కవరు మీద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ నంబరు లేకపోతే ఆ మాట అసలు పట్టించుకోకండి. ఊరికే ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘గ్రీన్’ అని ఆధారం లేకుండా రాసుకోకూడదని 2024 అక్టోబరులో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. రాసేవాళ్లు ఇంకా రాస్తూనే ఉన్నారు. పర్యావరణానికి మేలైన వస్తువులకని ప్రభుత్వం 1991లో తెచ్చిన ఎకోమార్క్‌కేమో గుర్తుగా మట్టి కుండను పెట్టింది. అది షాపులో ఎప్పుడైనా కనిపించిందా మీకు?

అపోహ: ఇంట్లో ప్లాస్టిక్ అంతా ఇవాళే పారేసి గాజువి కొనాలి.

ఇది నన్ను ఎక్కువగా అడిగేది. పారేయకండి. వేడివి, పులుపువి, నూనెవి మాత్రం గాజులోకో స్టీలులోకో జాడీలోకో మార్చండి. తిండి కోసమే చేసిన డబ్బాలైతే కందిపప్పుకీ రవ్వకీ ఇంకో పదేళ్లు పనికొస్తాయి. గీతలు పడి, మబ్బు పట్టినట్టు అయినవాటిని తిండికి వద్దు, మేకులూ స్క్రూలూ వేసుకోవడానికి పెట్టుకోండి.

పిన్ని ఆవకాయ వచ్చిన రోజే జాడీలోకి ఎత్తాను. పెట్టి వారమే అయిందంది కాబట్టి పారబోయడానికి మనసొప్పలేదు, కానీ బకెట్ గోడకు అంటుకున్న చుట్టూ పొర మాత్రం తీసేశాను. ఖాళీ బకెట్‌కి అడుగున చిల్లులు పెట్టి బాల్కనీలో మందారం వేశాను. ఈసారి పిన్ని ముందే ఫోన్ చేసింది: "జాడీలో పంపితే బస్సులో పగిలితే ఎవరిదే బాధ్యత?" అని. దానికింకా సమాధానం వెతుకుతున్నాను.