లాగిన్‌కు ముందు ఆ పది సెకన్లు

సర్వర్‌కు పింగ్ చేస్తే మిల్లీసెకనులో బదులొస్తుంది. దూరపు యంత్రంలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లబోతే మాత్రం పాస్‌వర్డ్ అడగడానికే పది సెకన్లు. లోపలికి వెళ్లాక మళ్లీ ఏ జాప్యమూ ఉండదు. జరిగేదంతా వరుసలుగా చూపించే ‘వీ’ ఆప్షన్‌తో నడిపి చూస్తే, పాత సర్వర్లలో తరచుగా ‘సర్వీస్ యాక్సెప్ట్ రిసీవ్డ్’ అన్న వరుస దగ్గర తెర కదలకుండా నిలిచిపోతుంది. అప్పుడు సర్వర్ చేస్తున్న పనేమీ ఉండదు. వచ్చిన కంప్యూటర్ పేరేమిటని, పేర్లకూ అడ్రస్‌లకూ జత చెప్పే డీఎన్‌ఎస్‌ను అడిగి, రాని జవాబు కోసం కాచుకుని ఉంటుంది.

ఈ ఆరా తీసే అలవాటు పాతది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్‌ఎస్ ప్రణాళికను ప్రచురించారు. అదే ఏడాది 4.2 బీఎస్‌డీ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో, దూరం నుంచి లాగిన్ కావడానికి ఆర్‌లాగిన్ వచ్చింది. అవతలి యంత్రం పేరు నమ్మకస్తుల ఫైల్లో ఉంటే దానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఫలానా వారి అబ్బాయినంటే గడప దాటనిచ్చినట్టే. 1988 నవంబరులో తనంతట తానే వ్యాపించే మోరిస్ వార్మ్ అనే ప్రోగ్రామ్ యంత్రం నుంచి యంత్రానికి పాకిన దారుల్లో ఈ నమ్మకం ఒకటి.

అసలు లొసుగు ఇంకా లోతుగా ఉంది. కనెక్షన్‌తో వచ్చేది అడ్రస్ మాత్రమే, పేరును విడిగా అడిగి తెలుసుకోవాలి. ఆ అడ్రస్ ఎవరి చేతిలో ఉందో జవాబు చెప్పేదీ వారే. ఏ పేరు రాసుకుంటే అదే సర్వర్‌కు చేరుతుంది. బెల్ ల్యాబ్స్‌లో స్టీవెన్ బెలోవిన్ దీన్ని 1990లోనే గుర్తించినా, ఆ పత్రం 1995 దాకా బయటకు రాలేదు. విరుగుడు ఏమిటంటే, వచ్చిన పేరును పట్టుకుని దాని అడ్రస్ ఏదని తిరిగి అడగడం. రెండూ కలిస్తేనే నమ్మడం. ఐంధోవెన్‌లో వీట్సె వెనెమా 1990లో రాసిన, సర్వర్‌కు వచ్చే కనెక్షన్లను వడగట్టే టీసీపీ రాపర్ ఈ పనే చేసేది. అలా ఒక్క ప్రశ్న రెండయింది.

1995లో ఫిన్లాండ్‌లో తాతు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాక తాళంచెవి పని క్రిప్టోగ్రఫీది అయింది. పేరుతో పెద్దగా అవసరం లేకపోయినా అడగడం ఆగలేదు. లాగ్‌లో రాయడానికీ, కొన్ని నిబంధనలు సరిపోల్చడానికీ తప్ప ఆ పేరు ఎందుకూ కొరగాదు. ఎస్‌ఎస్‌హెచ్‌కు ఉచిత రూపమైన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో, పేరు అడగాలా వద్దా అని తేల్చే ‘యూజ్‌డీఎన్‌ఎస్’ ఐచ్ఛికం ఎవరూ మార్చకపోతే ‘నో’గానే ఉండటం 2015 మార్చిలో, 6.8 వెర్షన్‌తో మొదలైంది. చాలా ఆలస్యమనే నా అభిప్రాయం.

ఇక పది సెకన్లే ఎందుకు? లినక్స్‌లో డీఎన్‌ఎస్‌ను అడిగే భాగమైన రిజాల్వర్ ఒక్కో ప్రశ్నకు 5 సెకన్లు ఆగి, మొత్తం రెండుసార్లు ప్రయత్నిస్తుంది. ఎవరిని అడగాలో రాసి ఉండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో ఉన్న ఒకే నేమ్‌సర్వర్ (డీఎన్‌ఎస్ జవాబులిచ్చే యంత్రం) చచ్చిపోతే 10 సెకన్లు, రెండుంటే రెండూ పోతే 20. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంటి, ఆఫీసు నెట్‌వర్క్‌ల లోపల మాత్రమే వాడే 192.168.1.20 లాంటి ప్రైవేటు అడ్రస్‌కి పేరు లేకపోవడం తప్పేమీ కాదు. ‘అలాంటి పేరు లేదు’ అన్నదీ జవాబే, అది క్షణంలో వస్తుంది. ప్రైవేటు అడ్రస్‌ల గురించి దారితప్పి ఇంటర్నెట్‌లోకి వెళ్లే ప్రశ్నలకు ఆ మాట చెప్పడానికే ఏఎస్112 పేరుతో ప్రపంచమంతటా సర్వర్లు పెట్టారు. సమయం తినేసేది మౌనం. ప్రశ్నను తిప్పికొట్టకుండా మింగేసే ఫైర్‌వాల్, ఎప్పుడో తీసేసిన నేమ్‌సర్వర్ అడ్రస్ లాంటివే దానికి మూలం.

అందుకే సర్వర్ మీద, పట్టిన సమయం చెప్పే ‘టైమ్’ ఆదేశంతో కలిపి, పేరు వెతికే ‘గెట్‌ఎంట్ హోస్ట్స్’కు మీ కంప్యూటర్ అడ్రస్ ఇచ్చి చూడండి. అక్కడా పది సెకన్లు పడితే దొంగ దొరికినట్టే. యూజ్‌డీఎన్‌ఎస్‌ను ఆపితే ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కటే కుదుటపడుతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కూడా ఇలాగే పేరు అడుగుతుంది, తెలుసుకున్నది గుర్తుపెట్టుకుంటుంది గానీ, జవాబే రాకపోతే ప్రతి కొత్త కనెక్షనూ నత్తనడక నడుస్తుంది. ముందు రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌లోని చచ్చిన వరుసను తీసేయాలి. ఒకవేళ తెర ‘జీఎస్‌ఎస్‌ఏపీఐ’ అన్న మాట దగ్గర ఆగితే మాత్రం సర్వర్‌ను వదిలేసి మీ వైపు కెర్బరోస్ (ఆ దారిలో నడిచే మరో గుర్తింపు పద్ధతి) అమరికను చూడాలి.