ఆరు గుమ్మాల ఇల్లు

చిరంజీవులకు ఆశీస్సులు.

"జపాన్‌లోని కేయో యూనివర్సిటీ ఒక్కటే కదా తాతయ్యా, ఆరు క్యాంపస్‌లెందుకు? డాక్టరు చదువుకు చేరినవాళ్లు కూడా ముందు హియోషి క్యాంపస్‌కే ఎందుకెళ్తారు?" అని అడిగారు.

సంసారం పెరిగేకొద్దీ గదులు వేసుకుంటూ పోయిన ఇల్లు అది. పునాది 1858లో పడింది. అప్పటికి టోక్యో నగరం పేరు 'ఎదో'. అక్కడ ఫుకుజావా యుకిచి అనే యువకుడు డచ్చి భాషలో చదువు చెప్పేవాడు. మరుసటి ఏడు రేవుపట్నం యొకొహామా వెళ్తే అంగళ్ల మీది బోర్డులే అర్థం కాలేదు, అక్కడ నడిచేది ఇంగ్లీషు. ఏళ్లు పోసి నేర్చిన డచ్చిని పక్కనపెట్టి, ఇంగ్లీషు మొదటినుంచి పట్టాడు. ఆ ధైర్యమే అసలు పునాది అంటాను నేను. మనం ఏడాదికో పేరు పెట్టుకున్నట్టు, వాళ్లు కొన్నేళ్ల కాలానికి కలిపి ఒక పేరు పెడతారు. 1868లో నడుస్తున్న 'కేయో' పేరే బడికీ పెట్టారు. 1871లో టోక్యోలోనే ఉన్న మితా గుట్ట మీదికి మారింది.

1890లో విశ్వవిద్యాలయ విభాగం తెరిచినప్పుడు గదులు మూడే: సాహిత్యం, ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం. 1917లో వైద్యం కలిసింది. దాని మొదటి పెద్ద కితసాతో షిబసబురో. ఇప్పటి వెయ్యి యెన్ల నోటు మీద ఉన్నది ఆయనే. అంటురోగాల పరిశోధనకు ఆయనకు చోటు చూపించి నిలబెట్టినవాడు ఫుకుజావా. ఆ రుణం కితసాతో ఇలా తీర్చుకున్నాడు. ఇప్పుడు విభాగాలు పది.

హియోషి ఆ ఇంటి వసారా. ఎక్కువమంది ముందు అక్కడే కూర్చుని భాషలూ సామాన్య పాఠాలూ చదవాలి. సాహిత్యం, వైద్యం వాళ్లు ఒక ఏడాది. ఆర్థికం, న్యాయం, వాణిజ్యం వాళ్లు రెండేళ్లు. తర్వాత వైద్యం వాళ్లు షినానోమాచికి, మిగతావాళ్లు మితాకి. ఇంజనీరింగు వాళ్లు రెండేళ్లయ్యాక పక్కనే ఉన్న యగామికి నడిచిపోతారు. కావలసిన క్రెడిట్లు రాకపోతే పై తరగతికి పంపరు, వసారాలోనే ఆగాలి. ఇవేవీ తెలియక మొదటి ఏడే మితా దగ్గర గది అద్దెకు తీసుకుంటే రోజూ రైలు ప్రయాణమే. 1990లో వచ్చిన షోనాన్ ఫుజిసావా మాత్రం వేరుకాపురం. అక్కడి రెండు కొత్త విభాగాల వాళ్లకు నాలుగేళ్లూ అక్కడే.

ఇంకొకటి. చేరేటప్పుడే విభాగం ఎంచుకోవాలి, ప్రవేశ పరీక్ష దేనికదే. చేరాక మారడం తేలిక కాదు.

ఆ ఇంట్లో 'సెన్సెయి', అంటే గురువుగారు, అని పిలిపించుకునేది ఫుకుజావా ఒక్కడే. అధికారిక ప్రకటనల్లో ప్రొఫెసరు పేరు వెనక కూడా 'కున్' అనే రాస్తారు, తోటివాణ్ణి పిలిచినట్టు. ముందు నేర్చినవాడు వెనక వచ్చినవాడికి చెప్పే బడిగా మొదలైంది కాబట్టి.

నవంబరు చివర్లో హియోషి స్టేషన్లో దిగండి. ఎదురుగానే గింకో చెట్ల బాట ఉంటుంది, పచ్చగా పసుపు ఆరబోసినట్టు. కాసేపు నిలబడి చూడండి.

మీ తాతయ్య