ఉద్దానం జీడిపిక్కల ధర ఎక్కడ తేలుతుంది?

ఏప్రిల్ వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎవరిని కదిలించినా ఒకటే ప్రశ్న. బస్తా ఎంత పలుకుతోంది? ఇక్కడ బస్తా అంటే 80 కిలోల జీడిపిక్కలు. 2023లో బస్తాకు 16 వేల రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వమే కొనాలని రైతులు పలాసలో రోడ్డెక్కారు. మార్కెట్లో పలికిన ధర ఆ అంకెకు చాలా కింద ఉండిపోయింది. వ్యాపారుల సమాధానం కూడా ఏటా ఒకటే. ఆఫ్రికా పిక్కలు ఇంతకంటే చవకగా వస్తున్నాయి, మేమేం చేస్తాం?

వినడానికి సాకులాగే ఉంటుంది. కొంతవరకు సాకే. కానీ మన జీడి పరిశ్రమ పుట్టిన కొద్దికాలానికే బయటి పిక్కలకు అలవాటు పడిందన్నది నిజం. ఆ చరిత్ర తెలియకపోతే పలాసలో జరిగేది రైతుకూ వ్యాపారికీ మధ్య గొడవలాగే కనిపిస్తుంది.

జీడిమామిడి మన చెట్టు కాదు. దాని పుట్టిల్లు బ్రెజిల్ ఈశాన్య తీరం. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు గోవాకూ కేరళ తీరానికీ తెచ్చారు. 1578 నాటికే కొచ్చిన్ తోటల్లో ఈ చెట్టు ఉందని అకోస్టా అనే వైద్యుడు రాశాడు. ఇసుక నేలల్లో మట్టి కొట్టుకుపోకుండా ఆపడానికే తెచ్చారని అంటారు. అదెంత నిజమో గానీ, ఆ పనికి మాత్రం ఈ చెట్టు భేషుగ్గా సరిపోయింది. నీళ్లు అడగదు, ఎరువు అడగదు, ఇంకేమీ పండని ఇసుక దిబ్బలోనూ ఎర్ర గరపలోనూ నిలబడుతుంది. మన తీరం వెంబడి వేటపాలెం, కోనసీమ అంచున మోరి, పైన ఉద్దానం అలాంటి చోట్లే. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, పనస, జీడి పక్కపక్కనే పెరుగుతాయి. అక్కడి పిక్కలు చాలావరకు పలాస-కాశీబుగ్గ ఫ్యాక్టరీలకే చేరతాయి.

చాలాకాలం ఈ చెట్టులో పప్పు కంటే పండుకే విలువ. కారణం పిక్క తయారైన తీరు. మనం పండు అనేది నిజానికి కాయ తొడిమె ఉబ్బి తయారైన కండ. అసలు కాయ దాని కింద వేలాడే పిక్క. ఆ పిక్క రెండు పొరల పెంకు మధ్య ఒంటిని పొక్కించే నూనె ఉంటుంది. చాకళ్లు ఒకప్పుడు బట్టలకు గుర్తులు పెట్టిన నల్లజీడి కూడా ఈ కుటుంబంలోదే. మామిడి సొన తగిలితే కొందరికి మూతి పొక్కేది కూడా ఈ చుట్టరికం వల్లే. ఈ నూనెను వదిలించుకుని, లోపలి పప్పును విరగకుండా బయటికి తీసి, పొట్టు ఒలవాలి. ఇంట్లో నాలుగు పిక్కలు నిప్పుల్లో కాల్చుకు తినడం వేరు, టన్నులకొద్దీ గుండు పప్పు తీయడం వేరు.

ఆ రెండో పని పెద్దఎత్తున సాగింది కేరళలోని కొల్లంలో. 1920లు, 30లలో అక్కడ ఫ్యాక్టరీలు వరసగా లేచాయి. కొనేది అమెరికా. ఓడ ప్రయాణంలో పప్పుకు పురుగు పట్టకుండా కార్బన్ డయాక్సైడ్ నింపిన డబ్బాల్లో సరుకు పంపే పద్ధతి రావడంతో గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. పని చేసేది దాదాపు అందరూ ఆడవాళ్లే. వేళ్లకు బూడిద పూసుకుని, కొయ్య సుత్తితో ఒక్కో పిక్కనూ కొట్టి, పప్పు విరగకుండా తీయాలి. చౌకగా దొరికే ఆ చేతి నైపుణ్యమే పరిశ్రమకు పెట్టుబడి.

గిరాకీ పెరిగిన వేగంతో కేరళ తోటలు పెరగలేదు. అందుకే 1930ల నుంచే తూర్పు ఆఫ్రికా పిక్కలు కొల్లానికి రావడం మొదలైంది. మొజాంబిక్‌లో కూడా చెట్టును నాటింది పోర్చుగీసువాళ్లే, కానీ కొట్టి ఒలిచే చేతులు ఇక్కడ ఉన్నాయి. పిక్క అక్కడిది, కూలి ఇక్కడిది, తినేది అమెరికా. దశాబ్దాలపాటు ఈ లెక్క నడిచింది. ఇందులో మన రైతుకు పెద్ద దెబ్బ తగలకపోవడానికి ఒక కారణం ఉంది. మొజాంబిక్, టాంజానియా భూమధ్యరేఖకు దిగువన ఉన్నాయి. అక్కడ కోత అక్టోబరు నుంచి జనవరి దాకా. మన కోత మార్చి నుంచి మే దాకా. మన పిక్కలు అయిపోయాక వాళ్లవి వచ్చేవి, ఫ్యాక్టరీకి ఏడాది పొడుగునా పని ఉండేది.

ఇది గుర్తుపెట్టుకోవాలి. తర్వాత తలకిందులైంది ఇదే.

1960లలో తూర్పు ఆఫ్రికా దేశాలు తమ పిక్కలు తామే ఒలుచుకోవాలని యంత్రాలు తెచ్చుకున్నాయి. ఇండియాకు వచ్చే సరుకు తగ్గే సూచనలు కనిపించాయి. దాంతో మన ప్రభుత్వం 1970లో కాషూ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా పెట్టి దిగుమతులను తన చేతిలోకి తీసుకుంది. రెండో పక్క దేశంలోనే తోటలు పెంచాలన్న పట్టుదల మొదలైంది. 1980లలో ప్రపంచ బ్యాంకు డబ్బుతో కేరళ, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, ఒడిశాల్లో జీడి ప్రాజెక్టు నడిచింది. మన అటవీ అభివృద్ధి సంస్థ వేల ఎకరాల్లో జీడి వేసింది. మన్యంలో ఐటీడీఏలు (గిరిజనాభివృద్ధి సంస్థలు) గిరిజన రైతుల కొండవాలు భూముల్లో జీడి మొక్కలు నాటించాయి. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి బీపీపీ రకాలు వచ్చాయి. వాటిలో బీపీపీ-8 ఇప్పటికీ రైతులు పేరు పెట్టి అడిగే అంటు.

ఈ పట్టుదల చేసిన చెడు కూడా చెప్పాలి. కేరళ కాసరగోడ్ జిల్లాలో ప్రభుత్వ ప్లాంటేషన్ కార్పొరేషన్ తన జీడి తోటలపై టీ దోమ అనే పురుగును చంపడానికి 1970ల చివరి నుంచి 2000 దాకా హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లించింది. కింద ఊళ్లున్నాయి, బావులున్నాయి. పుట్టుకతో వచ్చే వైకల్యాలు, నరాల జబ్బులతో ఆ ఊళ్లు దేశమంతటికీ తెలిశాయి. 2011 మేలో సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతటా ఆపేసింది. బాధితులకు ఐదేసి లక్షలు చెల్లించాలని 2017లో కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది.

1990ల్లో దిగుమతుల తలుపులు మళ్లీ బార్లా తెరుచుకున్నాయి. ఈసారి పిక్కలు ఎక్కువగా వచ్చింది పడమటి ఆఫ్రికా నుంచి. ఐవరీ కోస్ట్, గినీ బిసావు, బెనిన్, నైజీరియా. ఐవరీ కోస్ట్ అయితే చూస్తుండగానే ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పిక్కలు పండించే దేశమైంది. ఈ దేశాలన్నీ భూమధ్యరేఖకు ఎగువన ఉన్నాయి. అక్కడ కోత ఫిబ్రవరి నుంచి జూన్ దాకా, అంటే సరిగ్గా ఉద్దానంలో పిక్క రాలే రోజుల్లోనే. ఒకప్పుడు మన పంట అయిపోయాక ఆ లోటు తీర్చడానికి వచ్చిన దిగుమతి ఇప్పుడు మన పంటతో పాటే దిగుతోంది. పలాస వ్యాపారి ఫోన్లో ఆఫ్రికా రేటు చూసుకుని మరీ రైతుతో బేరం మొదలుపెడతాడు. ధర గొడవ ఏటా ఏప్రిల్లోనే ఎందుకు రాజుకుంటుందో నాకు ఇందులోనే ఎక్కువ సమాధానం కనిపిస్తుంది.

ఇంకోవైపు వియత్నాం యంత్రాలతో ఒలవడం నేర్చి, 2006 ప్రాంతంలో పప్పు ఎగుమతిలో మనల్ని దాటేసింది. మన ఎగుమతులు తగ్గాయి గానీ తిండి పెరిగింది. ప్రపంచంలో జీడిపప్పు ఎక్కువగా తినేది ఇప్పుడు మనమే. పెళ్లి భోజనం, స్వీటు షాపు, తిరుపతి లడ్డూ, బిర్యానీ, హోటళ్ల గ్రేవీ అన్నిట్లోనూ పడాల్సిందే. ఫ్యాక్టరీలకు కావలసిన పిక్కల్లో సగానికి పైగా ఇప్పటికీ బయటివే. గిరాకీ ఇంత ఉండి కూడా పండించేవాడి చేతికి ధర అందకపోవడమే ఉద్దానం రైతుకు మింగుడుపడని విషయం.

దీని మీద తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఒక్క రాత్రిలో దశాబ్దాల నాటి కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. వరి పోతే మరుసటి ఏడాది వేసుకోవచ్చు. జీడి అంటు మూడో ఏట నుంచి కాపు మొదలుపెట్టినా, చేతినిండా పంట ఇవ్వాలంటే ఇంకా చాలా ఏళ్లు ఆగాలి. తిత్లీ తర్వాత నాటిన తోటలు ఇప్పుడిప్పుడే దారికొస్తున్నాయి. ఈలోగా మిగిలిన ముసలి చెట్ల మీదే బతుకు. అవి చాలావరకు పిక్క పాతి పెంచినవి, దిగుబడి తక్కువ.

ఇక చట్టం ఎటువైపు ఉందో చూద్దాం. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో జీడి లేదు. అదే ఉద్దానంలో, అదే గట్టు మీద ఉన్న కొబ్బరి ఎండుకుడకకు మాత్రం ఉంది. పిక్కల దిగుమతిపై సుంకం 2016 బడ్జెట్‌లో 5 శాతం వేశారు, ఫ్యాక్టరీలవాళ్లు మొత్తుకుంటే 2018లో సగానికి తగ్గించారు. ఒలిచిన పప్పు సంగతి వేరు. 2019 నుంచి కిలో గుండు పప్పును 720 రూపాయల కంటే, ముక్కలను 680 కంటే తక్కువ ధరకు దిగుమతి చేసుకోకూడదని నిబంధన ఉంది. వియత్నాం పప్పు వచ్చి పడకుండా మన ఫ్యాక్టరీలకు వేసిన గోడ అది. గోడ వేయడం తప్పని అనను. కానీ ఫ్యాక్టరీకి ఉన్న గోడ తోటకు ఎందుకు లేదని రైతు అడిగితే న్యాయమైన ప్రశ్నే.

పండు గురించి ఎవరూ మాట్లాడరు. పిక్క కంటే ఐదారు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ బరువుండే ఈ పండులో నారింజలో కంటే ఎన్నో రెట్లు విటమిన్ సి ఉంటుంది. గొంతు పట్టే వగరు, కోసిన మర్నాటికే కుళ్లిపోవడం దీని జబ్బులు. గోవాలో దీన్నే తొక్కి రసం తీసి పులియబెట్టి, ఒకసారి బట్టీ పెడితే ఉర్రాక్, మళ్లీ పెడితే ఫెనీ. ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బ్రెజిల్లో వగరు తీసేసిన రసాన్ని సీసాల్లో అమ్ముతారు. ఉద్దానంలో పిల్లలు ఉప్పద్దుకుని తినే నాలుగు పోగా మిగిలింది చెట్టు కిందే మట్టి పాలవుతుంది. పెంకు నూనె నయం. బ్రేకు లైనింగులు, రంగులు, వార్నిష్‌ల తయారీకి దాన్ని కొనేవాళ్లున్నారు. కానీ ఆ డబ్బు ఫ్యాక్టరీ గేటు దాటి తోట దాకా రాదు.

మళ్లీ బస్తా దగ్గరికే వద్దాం. 80 కిలోలనేది పలాసలో పుట్టిన లెక్క కాదు. ప్రపంచమంతా పిక్కల వ్యాపారం ఈ కొలతతోనే సాగుతుంది, 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల మంచి పప్పు వస్తుందన్నదే నాణ్యతకు గుర్తు. ఓడ సరుకు కొనేటప్పుడు నమూనా తీసి, కత్తిరించి, పుచ్చులూ తాలూ తీసేసి తూకం వేస్తారు. 48 పౌన్లు తేలితే మంచి సరుకు, అంటే దాదాపు 22 కిలోలు. ఆ లెక్కన బస్తాకు 16 వేలంటే కిలో పప్పుకు ముడిసరుకు ఖర్చే సుమారు 727 రూపాయలు పడుతుంది. దిగుమతి గుండు పప్పుకు ప్రభుత్వం పెట్టిన కనీస ధర కూడా దాదాపు అంతే. దానిపైన కూలి, బాయిలరు, కరెంటు, విరిగిన ముక్కల నష్టం ఉన్నాయి కాబట్టి వ్యాపారి వెనకాడటంలో అర్థం ఉంది. అంగట్లో కిలో గుండు పప్పు ఎంతకు అమ్ముతున్నారో చూస్తే రైతు అడిగిందీ అన్యాయంగా లేదు. ఆఫ్రికా పిక్కకు చేసే ఈ కోత పరీక్షను ఉద్దానం పిక్కకు కూడా ఊరి కొనుగోలు కేంద్రంలో, రైతు కళ్లముందే చేసి రాతపూర్వకంగా ఇస్తే, 'తేమ ఎక్కువ, పప్పు తక్కువ' అని బేరంలో కోసే మాటకు ఒక లెక్క ఉంటుంది. దానికి పెద్ద యంత్రాలు కూడా అక్కర్లేదు, ఒక కత్తెర, ఒక తూకం, తేమ చూసే మీటరు చాలు.