డాక్టరు షుగర్ బిళ్ల మారుస్తానంటే: కొన్ని అపోహలు, వాస్తవాలు

గుంటూరులో షుగర్ పేషెంట్లను చూసే డాక్టర్ని. "పాత బిళ్లలు బాగానే పనిచేస్తున్నాయి కదండీ, ఈ కొత్తది ఎందుకు?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ జవాబు వినకముందే చాలామంది ఇంట్లోనో, వాట్సాప్‌లోనో ఓ నిర్ణయానికి వచ్చేసి ఉంటారు.

అపోహ: షుగర్ కంట్రోల్‌లో ఉంటే కొత్త మందుతో పనిలేదు.

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ టెస్టులో 6.9 వచ్చిందని సంతోషంగా ఫైలు మూసేస్తారు. అదే ఫైల్లో మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందన్న రిపోర్టో, గుండె పంపింగ్ తగ్గిందన్న ఎకో రిపోర్టో ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త షుగర్ బిళ్లలు గుండె వైఫల్యంతో ఆస్పత్రి పాలయ్యే ముప్పును తగ్గిస్తాయి, కిడ్నీ జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తాయి. అందుకే షుగర్ అసలే లేని గుండె, కిడ్నీ పేషెంట్లకు కూడా వాటిని రాస్తున్నాం.

ఈ సంగతి బయటపడింది ఒక చేదు అనుభవం వల్ల. 1999లో వచ్చిన రోసిగ్లిటజోన్ షుగర్‌ని బాగానే తగ్గించింది. 2007లో అది గుండెపోటు ముప్పు పెంచుతోందన్న అనుమానం వచ్చింది. 2010లో మన దేశంలో నిషేధించారు. ఈలోగా 2008లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, కొత్త షుగర్ మందులు గుండెకు చేటు చేయవని రుజువు చూపించమంది. అలా జరిగిన పరీక్షల్లోనే 2015లో, గుండె జబ్బున్న షుగర్ పేషెంట్లలో ఎంపాగ్లిఫ్లోజిన్ మరణాలను తగ్గిస్తోందని తేలింది. చేటు ఉందేమోనని వెతికితే మేలు కనిపించింది.

అపోహ: ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి బిళ్ల వేసుకుంటే మూత్రంలో షుగర్ పోతుంది, అంటే కిడ్నీలు పాడైనట్టే.

తెనాలి నుంచి వచ్చిన ఓ పెద్దాయన ల్యాబ్ కాగితం నా ముందు పెట్టి, "యూరిన్ షుగర్ పక్కన నాలుగు ప్లస్సులు ఉన్నాయండీ, భయమేసి ఆపేశా" అన్నారు. ఆ ప్లస్సులు బిళ్ల పనిచేస్తోందనడానికి గుర్తు. కిడ్నీ వడగట్టిన షుగర్‌ని మామూలుగా తిరిగి రక్తంలోకి లాక్కుంటుంది. ఈ మందు దాన్ని చాలావరకు అడ్డుకుంటుంది, షుగర్ మూత్రంలో పోతుంది. మొదటి వారాల్లో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త పెరగొచ్చు. చాలామందిలో అది అక్కడే ఆగుతుంది. మళ్లీ టెస్టు చేయించాలి తప్ప సొంతంగా ఆపేయకూడదు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. మర్మాంగాల దగ్గర ఫంగస్, దురద రావచ్చు. ముఖ్యంగా ఆడవాళ్లు సిగ్గుపడి చెప్పరు, చెబితే చాలావరకు క్రీముతోనే తగ్గిపోయే ఇబ్బంది అది. మే నెల ఎండలో మిర్చి యార్డులోనో, పొలంలోనో పనిచేసేవారికి, నీరుపోయే బిళ్ల కూడా వాడేవారికి ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరగొచ్చు. అన్నిటికన్నా పెద్దది కీటోన్ల సమస్య, అంటే ఒంట్లో కొవ్వు కరిగి వచ్చే ఆమ్లాలు రక్తంలో పేరుకుపోవడం. అరుదే, కానీ షుగర్ 200 లోపు ఉన్నా రావచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, తిండి సరిగ్గా తినలేకపోయినా ఆ రోజులకు ఈ బిళ్ల ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. ఆపరేషన్ ఉంటే కనీసం మూడు రోజుల ముందే ఆపించాలి. భవానీ దీక్ష తీసుకునేవారు, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవారు ఆ మాట ముందే చెప్పండి. వద్దనను, మందులు సర్దుతాను.

అపోహ: వారానికో ఇంజెక్షన్ అంటే ఇన్సులినే.

కాదు. సెమాగ్లుటైడ్, 2025 మార్చిలో మన దేశానికి వచ్చిన టిర్జెపటైడ్ మన పేగుల్లో తయారయ్యే హార్మోన్లలా పనిచేస్తాయి. ఆకలి తగ్గుతుంది, బరువు తగ్గుతుంది. మొదట్లో వికారం, వాంతులు మామూలే, అందుకే తక్కువ డోసుతో మొదలుపెట్టి పెంచుతాం. మానేస్తే షుగర్, బరువు చాలామందిలో తిరిగి వచ్చేస్తాయి. కాబట్టి నెలనెలా ఆ ఖర్చు ఏళ్ల తరబడి భరించగలరా అన్నది మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా, మీకు గతంలో పాంక్రియాస్ (క్లోమం) వాచినా తప్పకుండా చెప్పండి. మొదలుపెట్టేముందు కంటి రెటీనా చూపించుకోండి. షుగర్ ఒక్కసారిగా పడిపోతే, అప్పటికే ఉన్న రెటీనా జబ్బు ఎక్కువ కావచ్చు. పెళ్లికి సన్నబడాలని డాక్టరు చీటీ లేకుండా కొని పొడిపించుకోవడం మాత్రం దయచేసి వద్దు.

అపోహ: ఖరీదైనదే మంచి మందు.

మెట్‌ఫార్మిన్ 1957 నుంచి వాడుకలో ఉంది, ఇప్పటికీ చాలామందికి మొదట రాసేది అదే. కొందరు భయపడినట్టు అది కిడ్నీలను పాడుచేయదు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవారికి మాత్రం ఆపేస్తాం. ఇక ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చిలో ముగిశాక ఎన్నో కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర బాగా దిగింది. అంతకుముందు "మనవల్ల కాదు" అనుకున్నవారు మళ్లీ అడగండి.

అపోహ: కొత్తది చేరినా పాతవి అలాగే మింగాలి.

గ్లిమెపిరైడ్ అనే పాత షుగర్ బిళ్లకో, ఇన్సులిన్‌కో కొత్త మందు తోడైతే షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. పాతవాటి డోసు తగ్గించాలా అని చీటీ చేతికి తీసుకునేటప్పుడే అడగండి. వారం గ్లూకోమీటర్ చూసి పనిచేయలేదని తేల్చేయకండి, హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు చేయిస్తాం. అప్పటికీ తేడా లేదు, గుండెకో కిడ్నీకో దాని అవసరమూ లేదు అంటే, ఆ బిళ్లను చీటీలోంచి తీసేయమని అడగండి.