అరసవల్లికి నడిచినవాళ్లమే ఆటో ఎందుకెక్కుతాం?

రథసప్తమి ముందురోజు రాత్రి శ్రీకాకుళంలో అరసవల్లి రోడ్డు మీద నిలబడితే, మనుషులు నడవలేరన్న మాట నోట రాదు. ఊళ్లోంచి గుడికి రెండు కిలోమీటర్లు. బండ్లు దూరంగానే ఆపేస్తారు. చంటిపిల్లల్ని భుజానేసుకుని, ముసలివాళ్ల చెయ్యి పట్టుకుని, తెల్లవారకముందే దర్శనం కావాలని జనం నడుస్తూనే ఉంటారు. వాళ్లే నాలుగు రోజులు పోయాక ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి ఏడురోడ్ల జంక్షన్‌కి షేర్ ఆటో ఎక్కుతారు. దీన్ని బద్ధకం అనేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. మనిషి ఎంత దూరం నడవడానికి సిద్ధపడతాడన్నది రవాణా నిపుణులూ శరీర శాస్త్రవేత్తలూ ఏళ్ల తరబడి పరిశోధిస్తున్న విషయం. వాళ్లు తేల్చిన సంగతులు మనలాంటి చిన్న ఊళ్లకి బాగా పనికొస్తాయి.

ప్రపంచంలో చాలా నగరాల్లో ప్లాను గీసేవాళ్లు ఒక లెక్క వాడతారు. బస్‌స్టాపుకైతే 400 మీటర్లు, రైల్వే స్టేషనుకైతే 800 మీటర్లు జనం నడుస్తారని. పావు మైలు, అర మైలు అన్న పాత లెక్కల్లోంచి వచ్చిన అంకెలివి. మామూలు నడక గంటకి దాదాపు 5 కిలోమీటర్లు కాబట్టి, ఐదు నిమిషాలు, పది నిమిషాలు అన్నమాట. జపాన్‌లో ఇళ్ల ప్రకటనల్లో స్టేషన్ ఎన్ని నిమిషాల నడకో రాస్తారు, అక్కడ 80 మీటర్లకి ఒక నిమిషం చొప్పున లెక్క. అయితే 400 దగ్గర కాళ్లు టక్కున ఆగిపోవు. కెనడాలోని మాంట్రియల్‌లో పరిశోధకులు లెక్క తీస్తే, ఇంటి నుంచి బస్సుకి నడిచేవాళ్లలో వందకి 85 మంది నడక 524 మీటర్ల లోపు ఉంది. శివార్ల నుంచి వచ్చే లోకల్ రైలుకైతే అదే హద్దు 1,259 మీటర్లకి పెరిగింది. అవతల దొరికేది వేగంగా, దూరంగా తీసుకెళ్లేదైతే ఇవతల నడక భారమనిపించదు. విజయనగరం స్టేషన్‌లో పొద్దున విశాఖపట్నం వైపు ఉద్యోగాలకి వెళ్లేవాళ్లని చూడండి. రైలు దొరుకుతుందంటే ఎంత దూరం నుంచైనా గబగబా నడిచొచ్చేస్తారు.

ఈ నడకకి మొత్తం మీద ఒక పరిమితి ఉంది. యాకోవ్ జహావీ అనే రవాణా పరిశోధకుడు 1970లలో ఒక విషయం గట్టిగా చెప్పాడు: ఊరు ఏదైనా, వాహనం ఏదైనా, సగటు మనిషి రోజు మొత్తంలో ప్రయాణానికి కేటాయించే సమయం పెద్దగా మారదు. తర్వాత 1994లో ఇటలీ శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి దాన్ని మరింత వెనక్కి తీసుకెళ్లి, అది రోజుకి దాదాపు ఒక గంట అనీ, కాలినడక రోజుల్లో ఊళ్లు ఆ గంటకి తగ్గట్టే పెరిగాయనీ రాశాడు. అరగంట వెళ్లడం, అరగంట రావడం. అంటే నడిబొడ్డు నుంచి రెండున్నర కిలోమీటర్లు. విజయనగరం పాత ఊరు ఈ కొలతలో చక్కగా ఇముడుతుంది. 1713లో మొదలైన కోట, దాని పక్క పెద్దచెరువు, గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి, పైడితల్లి అమ్మవారి గుడి, అన్నీ ఒకదానికొకటి కూతవేటు దూరంలోనే ఉంటాయి. పైడితల్లి పండగలో సిరిమాను ఊరేగేది కూడా వీటి మధ్యలోనే. మోటారు బండి వచ్చాక ఆ గంట మారలేదు కానీ, ఆ గంటలో వెళ్లే దూరం మారింది. కాలనీలు రింగ్ రోడ్డు దాటి వెళ్లిపోయాయి.

ఆ గంటలో ప్రతి నిమిషమూ మనసుకి ఒకేలా గడవదు. బస్సులో కూర్చున్న నిమిషం కంటే నడిచే నిమిషం, స్టాపులో ఎదురుచూసే నిమిషం దాదాపు రెట్టింపు బరువు తూగుతాయని రవాణా అధ్యయనాలు పదేపదే చూపించాయి. పది నిమిషాలు నడిచి, మరో పది నిమిషాలు నిలబడి బస్సెక్కితే, లోపల మనసు నలభై నిమిషాలుగా లెక్కేసుకుంటుంది. షేర్ ఆటో గెలిచేది ఇక్కడే. చెయ్యెత్తిన చోట ఆగుతుంది, సందు మొదట్లో దింపుతుంది. ఇరుకైనా, పది రూపాయలు ఎక్కువైనా జనం ఎక్కుతారు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. డబ్బు ఖర్చు తక్కెడలోంచి తీసేశాం, మంచిదే. ఇక ఆ తక్కెడలో మిగిలినవి స్టాపు దాకా నడక, స్టాపులో నిరీక్షణ. చీకటి పడ్డాక మెయిన్ రోడ్డు నుంచి ఇంటి దాకా లైట్లు లేకపోతే కాలేజీ అమ్మాయికి అర కిలోమీటరు కూడా టెన్షనే. ఆ టెన్షన్ ఏ మీటర్ల లెక్కలోనూ కనపడదు.

శరీరం వైపు నుంచి చూస్తే నడక చాలా పొదుపైన పని. మోపిన కాలు మీదుగా ఒళ్లు లేచి ముందుకి ఒరుగుతుంది, లేచినప్పుడు దాచుకున్న శక్తిలో పెద్ద భాగం ఒరిగినప్పుడు తిరిగొస్తుంది. తలకిందులు చేసిన లోలకంలాగ. గంటకి ఐదు కిలోమీటర్లకి అటూఇటూ వేగంలో ఒక కిలోమీటరుకి అయ్యే ఖర్చు అతి తక్కువ. అంతకన్నా నెమ్మదిగా నడిచినా, గబగబా నడిచినా ఖర్చు పెరుగుతుంది. ఎవరూ నేర్పకుండానే మనం ఆ వేగానికి చేరతాం.

బరువు సంగతి ఇంకా విచిత్రం. మా వైపు సముద్రపు ఒడ్డు ఊళ్ల నుంచి చేపల గంప నెత్తినెట్టుకుని వచ్చే ఆడవాళ్ల నడక ఒకసారి జాగ్రత్తగా చూడండి. నెత్తిన గుడ్డ చుట్టకుదురు, దాని మీద తడి గంప, మెడ నిలువుగా, చూపు దూరంగా. ఒక చెయ్యి గంపని తాకీ తాకనట్టు ఉంటుంది. అడుగులు చిన్నవి, తల పైకీ కిందికీ కదలదు. 1986లో ‘నేచర్’ పత్రికలో కెన్యా స్త్రీల మీద వచ్చిన అధ్యయనం ఒకటుంది. లువో తెగ స్త్రీలు నెత్తిన, కికుయు తెగ స్త్రీలు నుదుటికి కట్టిన పట్టీతో వీపున, తమ ఒంటి బరువులో ఐదో వంతు దాకా మోస్తున్నా, వట్టి చేతులతో నడిచినప్పటికంటే ఎక్కువ ఆక్సిజన్ వాడలేదు. చిన్నప్పటి నుంచి అలవాటైన నడకలో ఆ లోలకం మరింత సమర్థంగా పనిచేస్తుందని తర్వాత తేలింది. బరువు ఐదో వంతు దాటితే మాత్రం ఖర్చు పెరుగుతుంది. నిండు గంప ఐదో వంతు దగ్గర ఆగుతుందా? మెడ, మోకాళ్లు పడే నొప్పి ఆక్సిజన్ లెక్కలో రాదు కూడా.

మన జిల్లాల్లో నడకని అన్నిటికంటే ఎక్కువ తగ్గించేది ఎండ అని నా నమ్మకం. అరవై కిలోల మనిషి మామూలుగా నడుస్తుంటే ఒంట్లో సుమారు 250 వాట్ల వేడి పుడుతుంది. అదంతా చెమటగానే పోవాలంటే గంటకి దాదాపు 400 గ్రాముల చెమట ఆవిరవ్వాలి. చుట్టూ గాలి ఒంటికంటే వేడెక్కితే అది కూడా మనకే వేడి ఇస్తుంది. పైన మిట్టమధ్యాహ్నం సూర్యుడు చదరపు మీటరుకి వెయ్యి వాట్లకి దగ్గరగా కురిపిస్తుంటాడు. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆవిరి కాకుండా కారిపోతుంది. కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు. ఉక్కపోత అంటే ఇదే. రాజస్థాన్‌లో 42 డిగ్రీల పొడి ఎండ కంటే మన 37 డిగ్రీలు మనిషిని ముందు కూలబెట్టొచ్చు. చెట్టు నీడ చేసే మేలు ఇక్కడే. గాలి ఉష్ణోగ్రతని అది కొంచెమే తగ్గించినా, నెత్తిన పడే ఎండనీ కింద తారు సెగనీ ఆపేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు పోయింది పంట మాత్రమే కాదు. తోటల నీడన నడిచే దారులూ బోసిపోయాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసే చింతచెట్లకి నష్టపరిహారం లెక్కలో కలప ధర వేస్తారు. వాటి కింద నడిచే జనాన్ని కూడా లెక్కేయాలి.

బడి దూరం గురించి చట్టంలోనే అంకె ఉంది. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు నడక లోపు ఉండాలి, ఎనిమిదో తరగతి దాకా మూడు కిలోమీటర్ల లోపు. ఉద్దేశం మంచిదే. కానీ మ్యాపు మీద బడి చుట్టూ ఒక కిలోమీటరు గుండ్రం గీసి, లోపలున్న ఊళ్లన్నీ దగ్గరేనంటే పిల్లలు ఒప్పుకోరు. ఊరికీ బడికీ మధ్య గెడ్డ, అంటే వాగు, ఉంటుంది. వానాకాలం గెడ్డ పొంగితే కల్వర్టు ఉన్న చోటి దాకా చుట్టు తిరగాలి. దారి సగటున తిన్నని గీత కంటే 1.4 రెట్లు వంకర పోయిందనుకుందాం. అప్పుడు కిలోమీటరు నడిచి బడికి చేరగల ప్రాంతం ఆ గుండ్రంలో సగమే. మిగతా సగంలో ఉన్న పిల్లలు కాగితం మీద దగ్గర, కాళ్లకి దూరం. జాతీయ రహదారి 16 కూడా గెడ్డలాంటిదే. అవతలి పక్కనున్న స్టాపు కళ్లెదుటే ఉంటుంది. దాటే చోటు ఎక్కడో ఉంటుంది, జనం డివైడర్ ఎక్కి దూకుతారు. వాళ్లని తిట్టేముందు ఆ చుట్టుదారి ఎంతో కొలవడం న్యాయం.

2011 జనాభా లెక్కల్లో వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక వేరే పనులు చేసేవాళ్లని పనికి ఎలా వెళ్తారని అడిగారు. దాదాపు 20 కోట్ల మందిలో నాలుగున్నర కోట్ల మంది నడిచే వెళ్తున్నామన్నారు. పొలం పనికి వెళ్లేవాళ్లు ఆ లెక్కలో లేరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పొద్దున్నే ఎక్కువమంది నడిచేది పొలాలకే మరి.

ఇష్టంతో సంబంధం లేని నడక కొండల మీద ఉంది. 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ ఒక సూత్రం చెప్పాడు: ప్రతి ఐదు కిలోమీటర్లకి గంట, పైన ఎక్కే ప్రతి 600 మీటర్లకి మరో గంట. శృంగవరపుకోట వైపు కొండ మీది ఊరికి ఐదు కిలోమీటర్ల కాలిబాట, 600 మీటర్ల ఎత్తు అనుకుంటే, బరువు లేని ఆరోగ్యవంతుడికి పైకి రెండు గంటలు. అక్కణ్ణించి నెలలు నిండిన మనిషిని డోలీలో దించుతున్నప్పుడు మోసేవాళ్లు రాళ్ల మీద చూసుకుని అడుగేయాలి, భుజాలు మార్చుకోవాలి, ఎక్కడో ఒకచోట ఆగాలి. 19వ శతాబ్దం మధ్యలో ఎడ్వర్డ్ జార్విస్ అనే అమెరికన్ వైద్యుడు మానసిక చికిత్సాలయాల రికార్డులు చూసి, దూరం పెరిగేకొద్దీ వచ్చే రోగులు తగ్గిపోతారని తేల్చాడు. రోగాలు దూరంతో తగ్గవు, రావడమే తగ్గుతుంది. కాబట్టి ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లలో ఉందని రాసే రిజిస్టర్‌లో ఇంకో గడి కావాలి: అంబులెన్స్ ఆగే చోటికి, డోలీతో, వానాకాలంలో ఎన్ని నిమిషాలు.