సిగరెట్ పీక: మొదటి డికాక్షన్

"దూదే కదా మాస్టారూ, మట్టిలో కలిసిపోదా?" అని అడిగింది పదో తరగతి చదివే ఒక అమ్మాయి. విశాఖ ఆర్కే బీచ్‌లో ఆదివారం పొద్దున్నే నలుగురం కలిసి చెత్త ఏరుతున్నాం. ఆమె పట్టకారు చివర ఒక సిగరెట్ పీక. పైకాగితం చిరిగి, లోపలి పోగులు విచ్చుకుని ఉన్నాయి. చూస్తే అచ్చం దూదే.

దూది కాదు, దూదికి దూరపు చుట్టం. దూదంటే సెల్యులోజే. కలప గుజ్జులోని అదే సెల్యులోజ్‌ని మార్చి చేసిన సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్ ఇది. ఒక్క ఫిల్టర్‌లో అలాంటి పోగులు 12 వేల దాకా ఉంటాయి. సెల్యులోజ్ గొలుసులో ప్రతి గ్లూకోజ్ యూనిట్‌కీ 3 హైడ్రాక్సిల్ గ్రూపులు, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు, ఉంటాయి. ఫిల్టర్ పోగులో వాటిలో సగటున రెండున్నర దాకా ఎసిటైల్ గ్రూపులతో (ఎసిటిక్ ఆమ్లపు ముక్కలతో) కలిసి ఎస్టర్లుగా మారిపోయి ఉంటాయి. దూదిని అరిగించే సూక్ష్మజీవుల ఎంజైముకి ఈ గొలుసు మీద పట్టు దొరకదు. ముందు ఎస్టరేజ్ అనే ఇంకో ఎంజైమ్ వచ్చి ఆ ఎసిటైల్ గ్రూపులను ఊడదీయాలి. అందుకే పీక మట్టిలో కలవడానికి ఏళ్లు పడుతుంది. మన తునికాకు బీడీకి ఫిల్టర్ ఉండదు కాబట్టి ఈ ప్లాస్టిక్ గొడవ లేదు. ఎస్టర్ అంటే పండ్ల వాసన అని క్లాసులో రెండు మార్కులకి చెప్పి వదిలేస్తాం. కాళ్ల కింద పడున్న ఎస్టర్‌ని చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

కానీ నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ప్లాస్టిక్ కాదు, డికాక్షన్.

ఇంట్లో కాఫీ ఫిల్టర్ గుర్తు తెచ్చుకోండి. మొదటిసారి వేడినీళ్లు పోస్తే దిగేది చిక్కటి డికాక్షన్. అదే పొడి మీద మళ్లీ పోస్తే పల్చన. మూడోసారికి రంగునీళ్లే. పీక కూడా అంతే. పొగ లాగేటప్పుడు నికోటిన్, తారు కొంత ఫిల్టర్ పోగులకు పట్టేస్తాయి. చివర కాలని పొగాకు కొంచెం మిగిలిపోతుంది. ఆ రెండూ కలిస్తే కాఫీపొడి. పోసే నీళ్లు వానవి. నికోటిన్ నీళ్లలో ఇట్టే కలుస్తుంది, వేడి కూడా అక్కర్లేదు. తారులోని కొన్ని పదార్థాలు అంత తేలిగ్గా కరగవు, అవి మెల్లగా దిగుతాయి.

బెర్లిన్ పరిశోధకులు ఈ డికాక్షన్‌ని కొలిచి 2014లో ప్రచురించారు. నీళ్లలో వేసిన పీకల నుంచి వచ్చే నికోటిన్‌లో సగం మొదటి 27 నిమిషాల్లోనే దిగిపోయింది. తర్వాత పీకల మీద వరసగా 15 సార్లు కృత్రిమ వాన కురిపించారు, ఒక్కోటి 1.4 మిల్లీమీటర్లు. అంటే మనం గొడుగు కూడా తెరవని చినుకులు. 15 వానల్లో దిగిన మొత్తంలో 47 శాతం మొదటి వానకే దిగింది.

ఆ అమ్మాయి చేత గాజుగ్లాసులో మంచినీళ్లు పోయించి, ఏరిన పీకల్లో పొడిగా ఉన్న నాలుగింటిని అందులో వేయించాను. కాసేపు తేలాయి. తర్వాత ఒక్కొక్క పీక నుంచీ పసుపు చార దారంలా కిందికి దిగింది. మేం ఇడ్లీ తిని వచ్చేసరికి నీళ్లు పల్చటి టీ రంగులో ఉన్నాయి. రెండు పీకలు అడుక్కి చేరాయి. పోగుల మధ్య గాలి ఉన్నంతసేపే తేలుతుంది. నీళ్లు చొరబడితే మునుగుతుంది, ఎందుకంటే ఆ ప్లాస్టిక్ నీటికంటే బరువు. సముద్రం ఏదీ ఉంచుకోదు, ఒడ్డుకు తోసేస్తుందని మనవాళ్లు నమ్ముతారు. మునిగిన పీకనీ కరిగిన నికోటిన్‌నీ అది ఉంచేసుకుంటుంది.

శాన్ డియెగోలో 2011లో చేసిన పరీక్షలో, కాల్చి పారేసిన పీకలు లీటరు నీటికి ఒకటి చొప్పున నానబెడితే, 96 గంటల్లో చేపల్లో సగం చచ్చిపోయాయి. నడిసముద్రంలో ఇంత చిక్కదనం రాదు, నీళ్లు బోలెడు. నా భయమంతా ఒడ్డున రాళ్ల మధ్య నిలిచే చిన్న నీటిగుంటల గురించి, గెడ్డలు (వాగులు) సముద్రంలో కలిసే చోట్ల గురించి. చిన్న పీతలూ చేపపిల్లలూ ఉండేది అక్కడే.

కాబట్టి పీకల విషయంలో ఎన్ని ఏరాం అన్నదాంతో పాటు ఎప్పుడు ఏరాం అన్నదీ చూడాలి. అంతర్జాతీయ తీర శుభ్రతా దినం సెప్టెంబర్ మూడో శనివారం. 1986లో టెక్సాస్‌లో మొదలైన ఆ కార్యక్రమంలో ఏళ్ల తరబడి లెక్కల్లో మొదటి స్థానం సిగరెట్ పీకలదే. 2019లో మొదటిసారి తినుబండారాల రేపర్లు వాటిని దాటాయి. మంచి కార్యక్రమం. కానీ సెప్టెంబర్ నాటికి మన తీరంలో మూడు నెలలు వానలు పడి ఉంటాయి. అప్పుడు మన చేతికి దొరికేది పిప్పి. విశాఖలో 2022 ఆగస్టు 26న భీమిలి దాకా 28 కిలోమీటర్ల తీరం శుభ్రం చేశారు, 76 టన్నుల చెత్త తీశామని ప్రకటించారు. ఎంతో గొప్ప పని, అదీ వానాకాలంలోనే.

పీకల కోసం ప్రత్యేకంగా ఒకరోజు పెట్టుకోవాల్సింది రోహిణి కార్తెలో, మృగశిర రాకముందు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లనే ఆపుతున్నాం. తొలకరి డికాక్షన్ దిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఇంకొకటి, పీకల్ని తూకం వేయకండి, లెక్కపెట్టండి. ఒక్కోటి పావు గ్రాముకి అటూఇటూ ఉంటుంది. కిలో అంటే సుమారు 4,000 పీకలు. టన్నుల లెక్కలో అది కనిపించనే కనిపించదు. ఆ చేపల పరీక్షలోలా లీటరుకి ఒకటి చొప్పున చూస్తే మాత్రం అది 4,000 లీటర్లు, ఒక చిన్న వాటర్ ట్యాంకర్ నిండా.

ఆ అమ్మాయి ఇసుక జల్లించడానికి వాళ్లింట్లోంచి పాత పిండిజల్లెడ తెస్తానంది. సన్నగా ఉంటే తడి ఇసుక దిగదు, బియ్యం జల్లెడ తెమ్మన్నాను.